నలభై ఒకటో పేజీకి సవరణ

కాలేజీలో వాణ్ణి అందరూ డిక్షనరీ అనేవారు. ఏ మాటకు అర్థం కావాలన్నా, ఎవరి వ్యాసంలో తప్పులు దిద్దాలన్నా వాడే దిక్కు. డిగ్రీ చివరి ఏడు ఒక పేపరు తప్పి, మళ్లీ రాసేదాకా నాలుగు నెలలు కాలక్షేపమని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పేపరైతే గట్టెక్కింది గానీ కుర్చీ వదల్లేదు. పెళ్లి కార్డులు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు టైపు చేస్తూ పంతొమ్మిదేళ్లు గడిపేశాడు. అందులో సిగ్గుపడాల్సిందేముంది? ఏమీ లేదు. ఆ సంగతి వాడొక్కడికే తెలియలేదు.

చదువులై ఇరవయ్యేళ్లు కావస్తోందని బ్యాచ్ వాళ్లు ఒక పుస్తకం వేద్దామనుకున్నారు. ఒక్కొక్కరు తమ గురించి నాలుగు ముక్కలు రాసి, ఫొటో పంపాలి. ఆ బరువు నెత్తికెత్తుకున్నవాడు లీడరు. కాలేజీ ఎన్నికల్లో రెండుసార్లు ఓడినా వాడికా పేరు పోలేదు. వాట్సాప్ గ్రూపులో కబుర్లు వచ్చి పడుతుంటే మనవాడు ఒక్కొక్కటీ రెండేసి సార్లు చదివేవాడు. వీడి నోట్సు చూసి గట్టెక్కినవాడు బ్యాంకు మేనేజరట! ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియనివాడు ప్రిన్సిపాలట! ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను తీసి, "సొంత ప్రింటింగ్ ప్రెస్సు యజమాని" అని కొట్టి పంపేశాడు. ఎవడు చూడొచ్చాడులే అనుకున్నాడు.

రెండు వారాలకు లీడరు ఫోను చేశాడు. "ఒరేయ్, నీ ప్రెస్సుండగా బయటెక్కడో వేయించడమేంట్రా? మొత్తం నీకే పంపేస్తున్నా."

కాదంటే ఎందుకు కాదో చెప్పాలి, చెబితే పరువు పోతుంది. "పంపరా," అన్నాడు.

ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు. ఆవిడ బట్టలు కుడుతుంది. మిషను ఆపకుండానే, "నేను బట్టలు కుడతానని చెప్పుకోవట్లేదా? మీ చేతిలో పనేగా, ఆ ముక్క మార్చేయండి," అంది.

నిజమే, వాడి చేతిలో పనే. పది రోజులు పేజీలు అమర్చింది వాడే. రోజూ నలభై ఒకటో పేజీ తెరిచేవాడు, తన ఫొటో కింద ఆ మాట దగ్గర కాసేపు ఆగేవాడు, మూసేసేవాడు. లీడరు ఎలాగూ చదివేశాడు, ఇప్పుడు మారిస్తే ఇంకా అసహ్యంగా ఉంటుందని తనకు తనే సర్దిచెప్పుకునేవాడు. మామూలుగా అయితే ఓనరుగారు చదవందే ఏ కాగితమూ మిషనెక్కదు. ఆయనకేమో కంటి ఆపరేషనై పది రోజులు కాలేదు. చదవకూడదు, వంగకూడదు, బరువెత్తకూడదు. "నువ్వున్నావుగా, నాకేం భయం?" అన్నారాయన. మూడు వందల పుస్తకాలు అచ్చయిపోయాయి.

వాటిని తీసుకెళ్లడానికి మనిషిని పంపిస్తానన్న లీడరు తీరా తనే కారేసుకుని దిగాడు. ముందుగదిలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న ఓనరుగారిని, "పెద్దాయనా, మీ ఓనరున్నాడా? అదే, మా డిక్షనరీగాడు!" అని అడిగాడు.

లోపలి గుమ్మంలో నిలబడ్డ మనవాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఓనరుగారు ఒకసారి అటు తిరిగారు. ఏమర్థమైందో ఏమో, మెల్లగా కుర్చీలోంచి లేచారు.

"ఉన్నారండీ. ఇప్పుడే లోపలికెళ్లారు, అదిగో వచ్చేశారు," అని ఆ కుర్చీ మనవాడి వైపు జరిపారు.

మనవాడు కూర్చున్నాడు. కూర్చున్నాడండీ! పంతొమ్మిదేళ్లు అన్నం పెట్టిన మనిషి గోడకానుకుని నిలబడితే, వీడు ఆయన కుర్చీలో కూర్చున్నాడు. సిగ్గుతో ఒళ్లంతా చచ్చిపోతున్నా లేవలేదు.

"భలే ఉందిరా! నువ్వు ఒకడి కింద పనిచేసే రకం కాదని నాకు అప్పుడే తెలుసు," అని లీడరు మురిసిపోయి, వెనక్కి తిరిగి, "పెద్దాయనా, ఆ కట్టలు కాస్త కారులో పెట్టు," అన్నాడు. వాడు చెడ్డవాడేం కాదు. పనివాడికి పని చెప్పాననుకున్నాడు.

ఓనరుగారు వంగి ఒక కట్ట ఎత్తారు. తడుముకుంటూ మెట్లు దిగి, కారులో పెట్టి వచ్చారు. మనవాడు చూస్తూ ఊరుకున్నాడు. రెండో కట్టకు వంగినప్పుడు ఆయన నల్లద్దాల కింద వేళ్లు పెట్టి కన్ను అదుముకున్నారు.

"ఓనరుగారూ, వద్దండీ! వదిలేయండి!"

లీడరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఎవర్రా ఓనరు?"

"ఆయనే. ప్రెస్సు ఆయనది. నేను జీతానికి టైపు చేస్తాను. పుస్తకంలో రాసింది అబద్ధంరా."

లీడరు గబగబా వెళ్లి ఓనరుగారి చేతులు పట్టుకున్నాడు. "క్షమించండి సార్, తెలియక అనేశాను." మనవాడి వైపు చూడనైనా లేదు. నాలుగు తిట్టినా బాగుండేది. "మూడు వందల పుస్తకాల్లో ఉందండీ ఇది. ఇప్పుడేం చేద్దాం?" అని కూడా ఆయన్నే అడిగాడు.

"సవరణ చీటీ అతికించి పంపుతాం. సాయంత్రానికల్లా మీకు అందుతాయి," అన్నారాయన.

లీడరు కారులో పెట్టిన కట్ట తెచ్చి దింపి వెళ్లిపోయాడు. మనవాడు కంప్యూటరు ముందు కూర్చుని చీటీ టైపు చేశాడు. ఓనరుగారు వచ్చి పక్కన నిలబడ్డారు. నల్లద్దాలు తీశారు. కన్ను ఎర్రబడి నీళ్లు కారుతోంది.

"నేను చదవలేను. నువ్వు చదువు, వింటాను."

మనవాడు చదివాడు. "నలభై ఒకటో పేజీలో 'సొంత ప్రింటింగ్ ప్రెస్సు యజమాని' అని ఉన్నచోట 'ప్రింటింగ్ ప్రెస్సులో టైపు పనివాడు' అని చదువుకోవలెను. అచ్చుతప్పుకు చింతిస్తున్నాము."

"అచ్చుతప్పు కాదు కదా బాబూ," అన్నారు ఓనరుగారు. "నువ్వు రాసిందే అచ్చయింది."

మనవాడు ఆ వాక్యం కొట్టేసి, "తప్పు నాదే" అని టైపు చేసి, కింద తన పేరు పెట్టాడు. చీటీలన్నీ వాడే కత్తిరించాడు. మూడు వందల పుస్తకాలూ ఒక్కొక్కటే తెరిచి, మూడు వందల సార్లు నవ్వుతున్న తన ఫొటో కింద వాడే అతికించాడు.