వాక్యంలో మొదటి సగం

తడిసిన గొంగడి వాసన తగిలితే చాలు, నాకు సరోజమ్మ మేడం గుర్తొస్తారు. పావగడ దగ్గర సోలార్ పార్కు వచ్చిన కొత్తల్లో ఆమె మా ఎస్సై. నేను ఆమె కింద ఫిర్యాదులు రాసే కానిస్టేబుల్‌ని. ఖాకీ వేసుకున్నా, పెద్ద హోదాలో ఉన్నవాళ్లు ఏం చెబితే అది రాసేయడమే అప్పటికి నాకు తెలిసిన ఉద్యోగం.

ఒక వానరోజు పొద్దున పార్కులోని ఒక కంపెనీ భద్రతాధికారి, రాయచెర్లు ఊరి గొర్రెల కాపరి ఓబన్నను స్టేషన్‌కు తీసుకొచ్చారు. ఆ ముసలాయన గొంగడి నుంచి నీళ్లు కారుతున్నాయి. గొడ్డలితో కంచె నరికాడట, కంచెకు కట్టిన కెమెరాల కేబుల్ కూడా తెగిందట.

"ఇది దేశానికి కరెంటిచ్చే చోటు. దీని మీద చెయ్యేసినోడు ఉగ్రవాదే. అట్లే రాయమ్మా" అన్నారు అధికారి. ఉగ్రవాద నిరోధక చట్టం ప్రతి కూడా తెచ్చారు. ఆస్తికి నష్టం, అత్యవసర సేవలకు అంతరాయం అన్న మాటల కింద గీతలు గీసి ఉన్నాయి. చదివితే నాకూ నిజమే అనిపించింది. రాసేశాను.

మేడం ఆ కాగితం చూసి నన్ను లోపలికి పిలిచారు.

"ఈ మాట రాస్తే బెయిలు దొరికేది ఎంత కష్టమో తెల్సునా? గీత గీసింది చదివినావు. దానికి ముందర ఏముండాది?"

తడబడుతూ చదివాను. దేశ ఐక్యతకో భద్రతకో ముప్పు తెచ్చే ఉద్దేశం, లేదా అలాంటి ముప్పు కలిగే అవకాశం, జనాన్ని భయభ్రాంతులను చేసే ఉద్దేశం.

"అది వాక్యంలో మొదటి సగం. అది లేకుంటే రెండోది నిలబడదు. పోయి ఆయన్నే అడుగు, ఎందుకు నరికినాడో."

అడిగాను. "రెండు గొర్రెపిల్లలు లోపల చిక్కుకున్యాయమ్మా. తల్లి కంచె బయట ఒకటే అరుస్తా ఉండె. గేటు కాడ పిలిస్తే ఎవురూ రాలా" అన్నాడు ఓబన్న.

నేను ఆ మాట చెప్పగానే మేడం బయటికొచ్చి, ఉగ్రవాద కేసు కుదరదన్నారు. అధికారి పైవాళ్లకు చెబుతానన్నారు. "చెప్పుకోండి సార్. కేబుల్ తెగినాది, ఆ కేసు రాస్తాం. గొర్రెపిల్లల కోసం పోయినోన్ని చూసి దేశం భయపడదు" అన్నారు మేడం, గొంతు పెంచకుండానే.

నేను కొత్త కాగితం తీసుకున్నాను. ఈసారి జరిగింది మాత్రమే రాశాను. మధ్యాహ్నానికల్లా ఓబన్నను స్టేషన్ బెయిలు మీద వదిలేశాం. మెట్ల మీద టీ తాగుతూ, "నన్నేమని రాసినావమ్మా?" అని అడిగాడు.

"గొర్రెల కాపరి అని, తాతా."

"అదే కదా నేను" అని నవ్వాడు.

మేడం రిటైరయ్యారు. నేను హెడ్ కానిస్టేబుల్‌నయ్యాను. ఎవరు ఎంత తొందరపెట్టినా, ఎదుట నిలబడ్డ మనిషిని "ఎందుకు చేసినావు?" అని అడిగి, జవాబు వినేదాకా అతనికి ఏ పేరూ పెట్టను.