మూడో వరుసలో ఖాళీ చోటు

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, ఒక మార్చి మొదటి వారంలో, రాయచూరు జిల్లాలో కాలువ కింది ఒక చిన్న పట్టణానికి సబ్ ఇన్‌స్పెక్టర్‌గా బదిలీ అయ్యాను. ఊరి పేరు రాయను. తప్పు ఊరిది కాదు, నాది. సిరవార వైపు పోయే బస్సులు ఆగే కూడలి, బియ్యం మిల్లులు, ట్రాక్టర్ రిపేరు షెడ్లు, చుట్టూ కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులు. రాయచూరు బజారులో పుట్టి పెరిగినవాణ్ణి కనుక తెలుగు, కన్నడం, ఉర్దూ మూడింటిలోనూ నెట్టుకు రాగలను. ఆ ధీమాతోనే చార్జి తీసుకున్నాను.

చేరిన వారానికే జిల్లా కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు అందింది. కుర్రాళ్లు ముఠాల్లో చేరకుండా పోలీసు స్టేషను, పట్టణ పంచాయతీ కలిసి పనిచేయాలని దాని సారాంశం. పదేపదే గొడవల్లో దొరికేవాడి పేరున స్టేషనులో తెరిచే ఫైలును రౌడీషీటు అంటారు. తెరవడం తేలిక, మూయడం కష్టం. ఆ ఫైలు దాకా రాకముందే కుర్రవాణ్ణి పక్కకు తప్పించాలి. పంచాయతీ ముఖ్యాధికారి నెమ్మదస్తుడు. శిక్షణ కేంద్రంలో సీట్లు ఇప్పిస్తానని, ఆటస్థలం బాగుచేయిస్తానని ఒప్పుకున్నాడు. ఎవరిని తప్పించాలో తెలుసుకోవడమే మిగిలింది.

దానికి జవాబు బస్టాండు ఎదురుగానే వేలాడుతోంది. మా వైపు ప్రతి ముఠా తన హాజరుపట్టీని తానే బజార్లో కడుతుంది. పుట్టినరోజు ఫ్లెక్సు అన్నమాట. నడుమ నల్లకళ్లద్దాల మనిషి, నిలువెత్తు కంటే పెద్దగా. కింద మూడు వరుసల్లో గుండ్రటి చట్రాల్లో కుర్రాళ్ల ముఖాలు. ఆ నల్లకళ్లద్దాల మనిషి మీద అప్పటికే కన్నడంలో గడిపారు అనే బహిష్కరణ ఉత్తర్వు ఉంది. అంటే ఏడాది పాటు జిల్లాలో అడుగు పెట్టకూడదు. ఊళ్లో అతన్ని చూసి చాలాకాలమైందని అందరూ అనేవారు. మిట్టమధ్యాహ్నం ఎండకు రోడ్డంతా నిర్మానుష్యమైనప్పుడు, నలుగురైదుగురు కుర్రాళ్లు ఆ ఫ్లెక్సుకు ఎదురుగా నిలబడి ఉండేవారు. మాటల్లేవు, ఫోన్లు లేవు. మా జీపు చప్పుడుకు పరుగెత్తేవారు కాదు. అందరూ ఒక్కసారే తలలు తిప్పి చూసి, మళ్లీ ఒక్కసారే అటు తిరిగేవారు.

ఫ్లెక్సును ఫోనులో ఫొటో తీసి బీటు కానిస్టేబులు మహబూబ్‌కు ఇచ్చాను. బీటు అంటే ఒక కానిస్టేబులుకు అప్పగించిన వీధులు; అక్కడి ఇంటింటి సంగతీ అతనికి తెలియాలి. రెండు రోజుల్లో ముఖాలకు పేర్లు కుదిర్చాడు. పద్దెనిమిదేళ్లు నిండనివాణ్ణి స్టేషనుకు పిలవకూడదు, యూనిఫాంలో మాట్లాడకూడదు. అందుకని ప్రతి ఆదివారం పదింటికి తల్లిదండ్రులతో సహా వాళ్లను స్టేషను ఆవరణలోని రేకుల షెడ్డుకు రమ్మన్నాం. మేం మామూలు చొక్కాలు వేసుకున్నాం. చట్టం తూచా తప్పలేదని నాలో నేను మురిసిపోయాను. షెడ్డు రోడ్డు వైపు తెరిచి ఉందనీ, ఆగిన ప్రతి బస్సులోంచీ జనం తొంగి చూస్తారనీ నాకు తట్టలేదు.

మొదటి ఆదివారం పిల్లలు వచ్చి జంపఖానా మీద కూర్చున్నారు. ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. పేర్లు పిలుస్తూ ఫోనులోని ఫొటో చూసుకున్నాను. ఫ్లెక్సు మీద ఏ వరుసలో ఏ చోట ఉన్నారో సరిగ్గా అలాగే కూర్చున్నారు. మూడో వరుసలో నాలుగో చోటు ఖాళీ. షెడ్డులో ఇరుకు ఇరుకుగా ఉన్నా ఆ ఖాళీలోకి ఎవరూ జరగలేదు.

ఆ చోటు నాగసాయి అనే కుర్రవాడిది. వాడేడని అడిగాను. మహబూబ్ నా చెవి దగ్గరకొచ్చాడు. “సార్, వాడు క్యాంపు పిలగాడు. కాలేజీల పీయూసీ చదువుతుండు. గీళ్లతోని తిరుగంగ నేనైతే ఎన్నడు చూడలే.”

బీటులో కనబడనిది ఫ్లెక్సు చూపించిందనుకున్నాను. మరుసటి ఆదివారం జీపు పంపించి తెప్పించాను.

వాళ్లమ్మ వెంట వచ్చింది. చేతులు జోడించి, “మావాడు ఆ మనిషిని కళ్లతో చూడలేదండి. ఆ ఫొటో వీళ్లకెలా దొరికిందో మాకే తెలీట్లేదు సార్” అంది. ఆ మాట ముప్పై ఏళ్లుగా ప్రతి తల్లి నోటా విన్నాను, నమ్మలేదు. ఫొటోలో వాడి మెడ దగ్గర కాలేజీ యూనిఫాం కాలరు కనబడుతూనే ఉంది, పట్టించుకోలేదు. సన్నగా, భయంభయంగా ఉన్న ఆ కుర్రవాడు, “వీళ్లెవరూ నాకు తెలీదండి, పరీక్షలున్నాయండి” అని మాత్రం అన్నాడు. తల్లి పక్కన గోడవారగా కూర్చోబెట్టి రిజిస్టర్లో పేరు రాయించాను. మూడో వరుసలో ఆ చోటు ఖాళీగానే ఉంచారు.

తర్వాతి రెండు వారాల్లో జరిగింది నాకు ఆలస్యంగా తెలిసింది. నాగసాయి సెలవుల్లో పని నేర్చుకునే ట్రాక్టర్ షెడ్డు యజమాని ఇక రావద్దన్నాడట. క్యాంపులో స్నేహితుల ఇళ్లవాళ్లు గడప తొక్కనివ్వలేదట. వాడితో మాట్లాడేవాళ్లు ఆదివారం షెడ్డులో కనబడేవాళ్లే మిగిలారు.

ఆ రెండు వారాలు గడిచాక వచ్చిన ఆదివారం నాగసాయి తల్లి లేకుండా ఒక్కడే వచ్చాడు. గోడ వైపు చూడను కూడా లేదు. నేరుగా నడిచి మూడో వరుసలో నాలుగో చోట కూర్చున్నాడు. అటూ ఇటూ ఉన్నవాళ్లు తల తిప్పలేదు. కత్తులు చూశాను, శవాలు చూశాను. అంత భయం నాకు ఎన్నడూ వేయలేదు.

మర్నాడు మామూలు బట్టల్లో ఫ్లెక్సు అచ్చువేసే దుకాణానికి వెళ్లాను. కంప్యూటర్ ముందున్న యువకుడు దాపరికం లేకుండా చెప్పాడు. “కొత్తోళ్ల ఫొటోలు వాళ్లిచ్చినవి కావు సార్. కాలేజీ గ్రూపు ఫొటోల కెల్లి కోసి పంపుతరు. గీ పిలగానిది ఆటల పోటీలకు పోయినప్పటిది.”

ఎందుకని అడిగాను.

“ఇంతకుముందు సారు గూడ ఫ్లెక్సు చూసే పిలిచె గద. ముందుగాల ఫొటో పెట్టు, తర్వాత పోలీసోళ్లే తెచ్చి మన పక్కన కూసోబెడ్తరు, ఇగ వాడు యాడికి పోతడు అంటరు సార్.” నాతో మాట్లాడుతూనే, తెర మీద ఎవరిదో ముఖాన్ని కొంచెం తెల్లబరుస్తున్నాడు.

ఆ వారమే ఆదివారం హాజరు ఆపేశాను. పొరపాటు నాదేనని సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా నివేదించాను. ముఖ్యాధికారి, నేను కలిసి కాలేజీకి, షెడ్డు యజమాని దగ్గరకు, ఇంటింటికీ తిరిగాం. ఫొటోలో ఉన్న ప్రతివాడి సంతకంతో అంగీకార పత్రం లేనిదే, మైనరైతే తల్లిదండ్రుల సంతకం లేనిదే, ఫ్లెక్సుకు అనుమతి ఇవ్వకూడదని పంచాయతీ ఆదేశం తెచ్చాడు ముఖ్యాధికారి. కొందరు కుర్రాళ్లు చదువులకూ పనులకూ మళ్లారు. నాగసాయి ఇంటికి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ వాడు లేడు. వాళ్లమ్మ మంచినీళ్లిచ్చి, “ఇప్పుడొచ్చారా అండీ” అంది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

వానాకాలంలో ముఖ్యాధికారి కబురు పెట్టాడు. కొత్త ఫ్లెక్సుకు అర్జీ వచ్చింది, కొత్త నిబంధన ప్రకారం పత్రాలన్నీ జతచేసి ఉన్నాయి. అన్నిటికంటే పైనున్నది నాగసాయిది. పద్దెనిమిదేళ్లు నిండినట్టు ధ్రువీకరణ కూడా పెట్టాడు. దస్తూరీ ముత్యాల్లా ఉంది. ఈసారి ఫొటో ఎవరూ కోసింది కాదు, స్టూడియోలో తీయించుకున్నది. నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు. చోటు రెండో వరుసలో.

ముఖ్యాధికారి నా వైపు చూశాడు. నిబంధన ప్రకారం అభ్యంతరం చెప్పడానికి ఏమీ లేదు. అనుమతి ఇచ్చాం.

ఈ ఘటన నాకు నేర్పింది ఒకటే. ఒక కుర్రవాడి పేరు పిలిచేముందు, ఆ పేరు మన చేతికి ఎవరిచ్చారో విచారించాలి. మహబూబ్‌ను క్యాంపుకు పంపి ఉంటే ఆ విచారణకు ఒక్క పూట పట్టేది. నేను పంపింది జీపును.