ఇంద్రాణి టీచర్ ఫ్లెక్సీ పుస్తకం

ఇంద్రాణి టీచర్‌కు గర్వం ఎక్కువని ఎల్బీనగర్ వెనక బస్తీలో అందరికీ తెలుసు. ఉండాల్సిన గర్వమేననుకోండి. తణుకు నుంచి కోడలిగా వచ్చి ఒంటిగది అంగన్‌వాడీని చేతిలోకి తీసుకున్న నాటి నుంచి, "మా పిల్లల్ని చూసి మాట్లాడండి" అనడం ఆవిడకు అలవాటు. పలకలిచ్చి అఆలు దిద్దించదు. బొమ్మల పుస్తకం తెరుస్తుంది, పిల్లలచేత కథ చెప్పిస్తుంది, ఆ కథనే ఆడిస్తుంది. "ఆటలే ఆడిపిస్తే సదువెప్పుడు టీచరమ్మా?" అని తల్లులు దెప్పితే, "ఇదేనమ్మా చదువు" అంటుంది.

తీతు దగ్గర మాత్రం ఆవిడ పప్పులుడకలేదు. నాలుగేళ్లవాడు. ఇంట్లో వసపిట్టేనట, ఇక్కడికొస్తే నోరు కుట్టేసినట్టు గుమ్మం పక్కన కూర్చునేవాడు. సింహం చూపినా అంతే, ఏనుగు చూపినా అంతే. వాడి తండ్రి శాంసన్ హోర్డింగులెక్కి ఫ్లెక్సీలు కట్టే పని చేస్తాడు. ఒకరోజు వచ్చి తేల్చి చెప్పాడు.

"వచ్చే సోమారం సంది ప్రైవేట్ స్కూల్ల ఏస్త మేడం. నోట్లకెల్లి మాటే ఎళ్తలేదు. గాడ కొట్టన్న మాట్లాడిపిస్తరు."

ఆ 'కొట్టన్న' అనే మాట ఇంద్రాణి గుండెలో ముల్లులా దిగింది. "సోమవారం దాకా ఆగండి, మాట్లాడతాడు" అంది. ధీమాగానే అంది గానీ, లోపల బితుకుబితుకుమంటూనే ఉంది.

అసలు వాడు సింహాన్ని ఎక్కడ చూశాడు గనక మాట్లాడ్డానికి? ఆ ఆలోచన రాగానే ఫోను పట్టుకుని బయల్దేరింది. పిల్లల అమ్మానాన్నలను పనిచోట్లే ఫోటోలు తీసింది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల దగ్గర జామకాయలమ్మే గీత, హయత్‌నగర్‌లో బస్సులు కడిగే భిక్షపతి. హోర్డింగు మీదున్న శాంసన్ మాత్రం చెయ్యడ్డం పెట్టాడు.

"నా పనిల ఏమున్నది మేడం సూపెట్టనీకి? డాక్టర్ల బొమ్మలు పెట్టుండ్రి, పిల్లలు గట్ల కావాలె."

ఆవిడ వింటే కదా! అతను అటు తిరిగి తాడు బిగిస్తుంటే కింది నుంచి తీసేసింది. వీపే పడింది, ముఖం పడలేదు. అన్నీ ఫ్లెక్సీ మీద అచ్చేయించి పుస్తకంలా కుట్టింది. నమిలినా చిరగదు.

సోమవారం పొద్దున శాంసన్ కొడుకును తీసుకుపోదామని వచ్చేసరికి లోపల ఆట నడుస్తోంది. జామకాయల పేజీకి పిల్లలు బేరాలాడారు. బస్సు పేజీకి గదంతా కడిగేశారు. తర్వాతి పేజీ తిప్పగానే తీతు చివాల్న లేచాడు.

"మా డాడీ!"

"ఏం చేస్తున్నాడు నాన్నా?" అంటూ ఇంద్రాణి పుస్తకాన్ని వాడి దగ్గరకు జరిపింది.

"పెద్ద బొమ్మ కడ్తుండు. గాలి గుంజుతది. అయినా ఇడ్వడు. మెట్రో కన్న పైకెక్కుతడు మా డాడీ!"

ఇక ఆగితేనా! కుర్చీ ఎక్కి, నడుముకు తువ్వాలు చుట్టుకుని ఎలా కడతారో చేసి చూపించాడు. పిల్లలంతా మెడలెత్తి చూశారు. ఇంద్రాణి పొంగిపోయింది, కళ్లు తుడుచుకుంటూనే.

శాంసన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నా మొఖమే పడలే గద మేడం, ఎట్ల గుర్తువట్టిండు?"

"రోజూ మీరు పనికెళ్తుంటే వాడికి కనిపించేది ఆ వీపే కదండీ."

శాంసన్ చెప్పులు విడిచి, పిల్లల మధ్య చాప మీద కూలబడ్డాడు.

"మల్లొక్కసారి సూపెట్టు బేటా" అన్నాడు.

తీతు మళ్లీ కుర్చీ ఎక్కాడు.