ఎర్రయ్య బాబాయికి కరెంటు

మా ఎర్రయ్య బాబాయికి పిచ్చెక్కిందనీ, కలకత్తా తీసుకెళ్ళి కరెంటు పెట్టించారనీ రైల్వే కోటర్లలో చెప్పుకునేవారు. కుళాయి దగ్గర రత్నమ్మగారు నన్నే అడిగింది. "ఏటే పిల్లా, మీ బాబాయి ఇప్పుడు నిన్ను గుర్తుపడతన్నాడా?" నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను.

బాబాయి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరు. జోగమ్మ పిన్నికి ఒంట్లో బాగుండక, నేను ఎనిమిదో తరగతి మానేసి వాళ్ళింట్లో సాయానికి ఉండేదాన్ని.

అరవై ఏడు వానాకాలంలో ఆయనకు ఒకవైపు బీజం వాచి గట్టిపడింది. నొప్పి లేదు. మా శ్రీకాకుళం వైపు వరిబీజం మామూలే కాబట్టి అందరూ అదే అనుకున్నారు. "మా అయ్యకి లేదేటి? సచ్చేదాకా మోసినాడు" అని ఆయనే నవ్వేవాడు.

పిన్ని పోరు పడలేక చివరికి ఆసుపత్రికి వెళ్ళాడు. బెంగాలీ డాక్టరు గది చీకటి చేసి, వాపు వెనక టార్చిలైటు పెట్టి చూశాడట. నీరైతే వెలుగు ఇవతలికి కనిపిస్తుంది. కనిపించలేదు. క్యాన్సరు కావచ్చు, ఆ బీజం తీసేయాలి అన్నాడు. తీసి పరీక్ష చేస్తే రకం తెలుస్తుంది. ఒక రకం కరెంటుకు, అంటే రేడియేషన్‌కు, లొంగుతుంది. ఇంకో రకమైతే పొట్ట కోసి లోపలి గడ్డలు కూడా తీయాలి, అప్పటికీ నమ్మకం తక్కువ.

బాబాయి ఒప్పుకోలేదు. వంటింట్లో నేనున్నానని మరిచిపోయి పిన్నితో అన్నాడు. "కోయించుకుంటే నేనింక మగోణ్ణేనా?"

పిన్ని బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "రెండోది ఉంటాదని సెప్పినాడు గదా! మీ షాపులో తవిటయ్యకి ఒక్క కన్నే. పేకాటలో అందరి ముక్కలూ సూసేత్తన్నాడు కాదేటి?"

బాబాయి నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. పిన్ని చేట పక్కన పెట్టి, "నాకు నువ్వు కావాల" అంది. మర్నాడు ఆసుపత్రిలో చేరాడు.

కరెంటుకు లొంగే రకమేనని తేలింది. పిన్ని డాక్టరు కాళ్ళకు దండం పెట్టబోతే, ఆయన "కీ కొర్‌ఛేన్ దీదీ!" (ఏం చేస్తున్నారక్కా!) అంటూ వెనక్కి జరిగాడట. ఆ కరెంటు కలకత్తాలోనే ఉంది. అది పెట్టించుకున్నన్నాళ్ళూ బాబాయి హౌరాలో సుందర్ రాజుగారింట్లో ఉన్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే షాపులో పనిచేశారు, అంతే చుట్టరికం. బాబాయి ఎన్నిసార్లు వాంతి చేసుకున్నా ఆయన భార్య రూతుగారు ముఖం చిట్లించకుండా గంజి కాచి ఇచ్చేది. ఆవిడ పేరు చెప్పకుండా పిన్ని ఇప్పటికీ దీపం పెట్టదు.

చిక్కిపోయి తిరిగొచ్చిన బాబాయిని ఏమైందని అడిగితే, సిగ్గుతో "కరెంటు పెట్టినారు" అని మాత్రం అన్నాడు. కోటర్లలో అందరికీ తెలిసిన కరెంటు ఒక్కటే, పిచ్చివాళ్ళకు పెట్టేది. పిన్ని దిద్దబోతే ఆయనే ఆపాడు. "పిచ్చోడనుకోనీయే. అసలు సంగతి సెప్పడం కన్నా ఇదే నయం."

కరెంటు పెట్టింది తలకి కాదు, పొట్టకి. ఏడేళ్ళయింది. జబ్బు మళ్ళీ రాలేదు.