తల్లి మాట అయ్యేదాకా

మా మేనమామ పోయిన మంగళవారం తెల్లారి కన్ను మూసినాడు. వయసన్నారు డాక్టర్లు. అననీ. కోవిల్పట్టి ఆస్పత్రినుంచి ఇంటికి తెచ్చేసరికి చుట్టాలంతా వచ్చేసినారు. రానిది నా కొడుకొక్కడే. వాడు సైన్యంలో, సరిహద్దులో ఉండాడు. తాత పోయినాడని చెప్దామంటే ఫోను మోగనే మోగదు. ఇద్దరికోసం ఏడుస్తా ఉండా, ఏ ఏడుపు ఎవరిదో నాకే తెలీదు. నన్ను ఒక మాట అడిగిన మనిషి మామ ఒక్కడే. అందుకే ఇది రాస్తా ఉండా.

మామ తమిళనాడులో కయత్తారు పక్కన, తెలుగోళ్ళుండే మా ఊరికి పెద్దమనిషి. నల్లరేగడి, పత్తి, మినుము, అదే ఆయన లోకం. వక్కాకు నోట్లో ఉంటే ఒక తీరు, లేకపోతే ఇంకో తీరు. సభలో ఎవురైనా గొంతు పెంచితే, "కూసోని అరువురా, కాళ్ళు నొప్పి పుడతాయి" అనేవాడు.

మా ఊర్లో ఒక వాడుక ఉంది. కొట్లాటకు పోయే పని పడితే, పోవాల్సిన పిల్లల తల్లుల్ని తెచ్చి సభలో ముందర కూర్చోబెడతారు. తల్లి మాట అయ్యేదాకా ఎవరూ లేవగూడదు. నా చిన్నప్పుడు పక్క ఊరివాళ్ళు ఉన్నట్టుండి మా చేలమీద పడి, పత్తిలోకి మంద తోలి మేపి, కావలివాణ్ణి కొట్టి పోయినారు. మావాళ్ళు కర్రలు పట్టుకొని ఊగిపోయినారు. మామ తల్లుల్ని అడిగినాడు. ఒకామె లేచి, "పత్తే కదా, మళ్ళీ ఏసుకుంటాం" అనింది. అంతే, కర్రలు కింద పెట్టినారు. మామను పిరికోడని తిట్టినోళ్ళూ ఉండారు, ఆయన పట్టించుకోలేదు.

ఈ ఏడు పరాయి సైన్యం మన గడ్డమీదికి వచ్చేసిందని టీవీలో చెప్పినారు. మన పిల్లలు కొందరు చచ్చిపోయినారంట. తిరిగి కొట్టేదా, మాట్లాడి పంపేదా అని ఢిల్లీలో పెద్దలు వాదించుకుంటా ఉండారు. మామ విరుదునగరులో మా ఇంటికి వచ్చి టీవీ ముందరే కూర్చున్నాడు. ఆయనకు ఒకటే ఆరాటం.

"ఏమ్మా, నిన్నింకా పిలవలేదే?"

"అది మన ఊరి సభా మామా? నన్నెవురు పిలుస్తారు?"

"తల్లిని అడక్కుండా ఎట్లా పంపిస్తారు? మనింటి విలాసం తెలీక తిప్పలు పడతా ఉంటారు. మనమే పోదాం, రా."

ఆ బాధలో కూడా నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. ఉతికిన పంచె కట్టుకొని నన్ను కలెక్టరు ఆఫీసుకు తోడుకొని పోయినాడు. గుమాస్తా అమ్మాయితో అరవంలో చెప్పినాడు: "సైన్యంలో ఉండే పిల్లోడి తల్లి వచ్చిందని ఢిల్లీకి చెప్పమ్మా." పాపం, మంచి పిల్ల. కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది.

"తాతా, ఇక్కడ అట్లాంటి ఏర్పాటు లేదు."

"మరి ఎక్కడుంది?"

ఆ పిల్ల మామకు ఇంకో గ్లాసు నీళ్ళు తెచ్చిచ్చింది.

మామను ఊరి బస్సెక్కిద్దామని బస్టాండుకు వచ్చినాం. టీ కొట్టు ముందర బెంచీమీద ఆయన నన్ను కూర్చోబెట్టినాడు. తువ్వాలు భుజంమీదనుంచి తీసి చంకలో పెట్టుకొని నా ఎదురుగా నిలబడినాడు.

"వాళ్ళు అడగలేదు. నేనడుగుతా ఉండా. పంపించేదా, వద్దా? చెప్పమ్మా."

వద్దనేదానికే నోరు తెరిచినా. అక్కడ చచ్చిపోయిన పిల్లల తల్లులు గుర్తొచ్చినారు. ఇది పత్తి కాదే! నా వాణ్ణి వద్దంటే ఇంకొకామె కొడుకు పోవాల. పొమ్మంటే, అయ్యో, నా బిడ్డ! ఏడుపే వచ్చింది. బస్సు వచ్చింది, నిండింది, పోయింది. మామ కదల్లేదు. టీ కొట్టు టీవీ చూస్తా ఉండే జనం తట్టు తిరిగి అరవంలో గట్టిగా అన్నాడు:

"తల్లి ఇంకా చెప్పలేదు. ఎవురూ లేవొద్దు."

ఎవరూ తిరిగి చూడలేదు. టీవీలో ఢిల్లీ పెద్దలు కూర్చున్న గది చూపిస్తా ఉండారు. తిరిగి కొట్టాలని తీర్మానం అయిపోయింది. పెద్దలు కుర్చీలు వెనక్కి జరుపుకొని లేస్తా ఉండారు.