మొలకలొచ్చిన వరి కట్ట

తుఫాను వెళ్ళిన కొన్నాళ్ళకి శ్రీకాకుళం బస్సులో ఒక ముసలమ్మ నా పక్కన కూర్చుంది. ఒళ్లో మొలకలొచ్చిన వరి వెన్నుల కట్ట ఉంది. నష్టం రాసుకునే అధికారులు వచ్చేలోగా ఆమె పడిపోయిన పంట తీసేసి, నేలలో పదును పోకముందే మినుములు చల్లేసిందట. పచ్చటి చేను చూసి వాళ్ళు పేరు రాసుకోకుండానే వెళ్ళిపోయారట.

"కలెక్టరాఫీసులో ఈ కట్ట సూపితే పరిహారం రాస్తారు గదా బాబూ?" అంది.

నేను కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి. ఎదుటివాళ్ళ సరుకుకి వంక పెట్టందే నాకు పొద్దుపోదు.

"ఇది నీ చేలోదేనని ఎవడు నమ్ముతాడమ్మా? నేనైతే పైసా ఇవ్వను" అన్నాను.

వెనక సీటువాళ్ళు నవ్వారు. నా మాట మంచి ధరకి అమ్ముడుపోయినట్టు మురిసిపోయాను.

కలెక్టరాఫీసు దగ్గర బస్సు ఆగింది. ఆమె కదల్లేదు.

"దిగవేటమ్మా?"

"ఎందుకు బాబూ. సదూకున్నోరు, మీరే నమ్మనేదు. ఆ ఆపీసర్లేటి నమ్ముతారు?"

"అయ్యో, సరదాకి అన్నానమ్మా, దిగు" అనేలోగా బస్సు కదిలింది. కండక్టరును కేకేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. కట్టను కాలితో సీటు కిందికి తోసేసింది.

"మా ఊరెల్లే కళింగపట్నం బస్సు ఎక్కడాగుతాదో సెప్పు బాబూ, సాలు."