నాలుగేసి వేళ్లు తరిగిన తొట్టి

ఎలీసియో బాకాకి లోకంలో ప్రతి వస్తువూ నాలుగు వేళ్లు ఎక్కువే. భోజనాలబల్ల కాళ్లు, పెళ్లినాటి ప్యాంటు, పెరటి తలుపు, ఏదైనా సరే. "ఇక్కడో నాలుగు వేళ్లు తీసేస్తే దివ్యంగా ఉంటుంది" అంటాడు. తీసేస్తాడు. ఆ తలుపు కింద నుంచి ఇప్పుడు పక్కింటి కోళ్లు దర్జాగా వచ్చిపోతున్నాయి.

భార్య ఓర్లిందా ముప్ఫయ్యేళ్లు ఓర్చుకుంది. ఆయన తన అరవై నాలుగు మోడల్ పికప్ బండి మీద పడ్డాక మాత్రం ఆమె ఓపిక చచ్చింది.

వెనక సామాన్లకి ఎనిమిదడుగుల తొట్టి ఆ బండిది. న్యూ మెక్సికో చలికి సరిపడా కట్టెలు ఒక్క దఫాలో వచ్చేవి. వరదకి కొండదారి కొట్టుకుపోయాక ఎలీసియోకి రాళ్లెక్కే పిచ్చి పట్టింది. పెద్ద చక్రాలు తొడిగాడు, బండిని జానెడు పైకి లేపాడు. ప్రతి శనివారం కొండకి పోవడం, వాగు గట్టెక్కేచోట తొట్టి తోక రాయికి గీసుకోవడం, సొట్టతో తిరిగొచ్చి ఇనుము కోసే గ్రైండర్ అందుకోవడం.

"ఇంకో నాలుగు వేళ్లేనే!"

"పోయిన వారమూ ఇదే అన్నావు. ఇంకో నెల పోతే స్టీరింగు ఒక్కటే మిగులుతుంది. దాన్ని మెళ్లో వేసుకుని నడిచిపోదువుగాని!"

పక్కింటి ట్రాంకిలీనో గోడ మీంచి తొంగిచూశాడు. "బావా, పచ్చిమిరప బస్తాలు నాలుగు తేవాలి. బండిస్తావా?"

"రెండు పడతాయి. రెండోది నీ ఒళ్లో పెట్టుకో" అన్నాడు ఎలీసియో.

ఆ వారంలోనే తొట్టిలో పాత బస్సు సీటొకటి వెల్డింగు చేసి బిగించాడు. రెండు బెల్టులు, పట్టుకోడానికి ఇనుప కమ్మీ, కింద మెత్త. మెత్తకి తొడిగిన పూలగుడ్డ తన కొత్త కర్టెనని ఓర్లిందా ఇట్టే గుర్తుపట్టింది.

"ఎవత్తి కోసమయ్యా ఈ సింహాసనం?"

ఎలీసియో బెల్టు గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు.

"ఈ శనివారం నేనూ వస్తున్నా."

వాగు దగ్గర ఆమె కళ్లు మూసుకుంది. బండి ముక్కు ఆకాశంలోకి లేచింది. చక్రాలు రాయిని కరిచిపట్టుకున్నాయి. తోక ఎక్కడా తగల్లేదు! ఎలీసియో కేక పెట్టాడు. ఆమె కళ్లు తెరిచేసరికి ఎదురుగా ప్రుదేన్సియా పెద్దమ్మ ఇల్లు.

ఓర్లిందా తల్లికి స్వయానా అక్క. చర్చి వంటల పోటీలో తీర్పరిగా కూర్చుని ఓర్లిందా సోంపు బిస్కెట్లకి రెండో బహుమతి ఇచ్చిన నాటినుంచీ, పదకొండేళ్లుగా, ఇద్దరికీ మాటల్లేవు. వరద తర్వాత అధికారులు ఆమెని కొండ దింపి తీసుకుపోదామని వస్తే, "నాకు వెళ్లిపోవడం వద్దు, వెళ్లి రావడం కావాలి" అని తరిమేసిందట. ఆ మాట ఎలీసియో చెవిన పడింది. ఇన్ని శనివారాలూ బండి వాగు దగ్గర వదిలి, పిండీ మందులూ మోసుకుంటూ నడిచి ఎక్కాడట. మూసిన బండెక్కితే ఆమెకి వాంతులు. అందుకే వెనక సీటు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వద్దంటావేమోనని. వద్దన్నాక చేస్తే నీ మాట తీసేసినట్టవుతుందిగా!"

ముసలామె టోపీ పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఓర్లిందాని చూసి గడ్డం పైకెత్తింది. ఓర్లిందా చెయ్యందించి ఆమెని తొట్టిలోకి ఎక్కించింది. బెల్టు బిగించి, కొండ దిగేటప్పుడు ఆమెని పట్టుకోడానికి తనూ పక్కన కూర్చుంది.

"చర్చిలో బింగో ఆట ఐదింటికి. నడపమను" అంది పెద్దమ్మ.

"కాళ్లు చాపుకో పెద్దమ్మా."

"ఎక్కడ చాపనే? నీ మొగుడు తొట్టంతా కోసి పారేశాడుగా!"

"నా కర్టెను కూడా కోశాడు, తెలుసా?"

"వట్టి దద్దమ్మ వాడు!"

"పెళ్లప్పుడే చెప్పాల్సింది నువ్వు!"

వాగు దాటేదాకా వెనక ఇద్దరి గొంతులూ ఆగలేదు. తిట్లన్నీ తనకేనని రూఢి అయ్యాక ఎలీసియో హాయిగా ఊపిరి పీల్చుకుని, బండిని ఇంకాస్త నెమ్మదిగా పోనిచ్చాడు.